మూత తీయని టిఫిన్ డబ్బా: పిల్లల ప్రాణాల కోసం ఊరు ఏం చేయగలదు?



ఈ నెల ఈ పేజీలో మాట్లాడబోయేది బరువైన విషయం. పరీక్షల వేళ ఏం తినిపించాలి, జ్ఞాపకశక్తి ఎలా పెంచాలి లాంటి మాటల కోసం పేజీ తిప్పినవారికి ముందే చెబుతున్నాను: ఇది విద్యార్థుల ఆత్మహత్యల గురించి, వాటిని ఆపడానికి జిల్లా యంత్రాంగాలు, ఊళ్లు, అపార్ట్‌మెంట్లు, బడులు చేస్తున్న పనుల గురించి. "మా ఇంట్లో అలాంటిదేం లేదు లెండి" అని పక్కన పెట్టకండి. ఇది మీ పిల్లల గురించే కాకపోవచ్చు. వాళ్ల పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడి గురించి కావచ్చు, మీ తోటికోడలి కూతురి గురించి కావచ్చు.

రాజస్థాన్‌లోని కోటా పేరు మనలో తెలియనివాళ్లు ఉండరు. ఐఐటీ, నీట్ శిక్షణ కోసం దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చే ఊరు. ఒక దశలో అక్కడ రెండు లక్షల మందికి పైగా విద్యార్థులు ఉండేవారు. 2023లో ఆ ఊళ్లో 26 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో జిల్లా యంత్రాంగం కోచింగ్ సెంటర్లలో పరీక్షలన్నీ రెండు నెలలపాటు ఆపేయమని ఆదేశించింది. హాస్టల్ గదుల్లో కొన్ని భద్రతా మార్పులు తప్పనిసరి చేసింది. పోలీసులు విద్యార్థుల కోసం ప్రత్యేక విభాగం పెట్టారు.

వాటన్నిటిలో నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక చిన్న పని. 'దర్వాజే పే దస్తక్' అని దానికి పేరు పెట్టారు. అంటే తలుపు తట్టడం. రాత్రి 11 గంటల వేళ వార్డెన్ ప్రతి గది తలుపూ తట్టి, పిల్లవాడితో రెండు మాటలు మాట్లాడాలి. దానితోపాటు మెస్‌లో వడ్డించేవాళ్లకు, గదులకు టిఫిన్ క్యారియర్లు చేరవేసేవాళ్లకు కూడా పోలీసులు ఒక విన్నపం చేశారు. ఎవరైనా వరసగా మెస్‌కు రావడం మానేసినా, ఇచ్చిన డబ్బా మూత తీయకుండా అలాగే తిరిగి వస్తున్నా చెప్పండి అని.

ఒక్కసారి ఆలోచించండి. ఆ పిల్లవాడు లెక్చరర్ ముందు మామూలుగానే ఉంటాడు. ఫోన్‌లో అమ్మానాన్నలతో "బాగున్నా" అంటాడు. వీక్లీ టెస్టుకు హాజరవుతాడు. కానీ అన్నం సహించదు. ఆ సంగతి ఊరు మొత్తంలో తెలిసేది డబ్బా తెచ్చే మనిషి ఒక్కడికే. అతను సైకాలజీ చదవలేదు. అయినా అతని దగ్గర ఉన్న సమాచారం మరెవరి దగ్గరా లేదు. ఆ సమాచారం చేరాల్సిన చోటికి చేరేలా ఒక దారి వేయడమే అక్కడి యంత్రాంగం చేసింది. ఆత్మహత్యల నివారణలో ప్రభుత్వం, సమాజం చేయగలిగే పనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

ఇలాంటి మనుషులను ఈ రంగంలో 'గేట్‌కీపర్లు' అంటారు. వాళ్లు డాక్టర్లు కారు, కౌన్సెలర్లు కారు. వార్డెన్, వాచ్‌మన్, బస్సు డ్రైవరు, ఆయా, పీఈటీ సారు, ట్యూషన్ చెప్పే అక్క, ఎవరైనా కావచ్చు. వాళ్లకు నేర్పించేది మూడే విషయాలు. మార్పును గమనించడం, భయపడకుండా అడగడం, ఒంటరిగా వదలకుండా సహాయం చేయగలవారి దగ్గరికి తీసుకువెళ్లడం. కోటాలో హాస్టల్ వార్డెన్లకు ఈ శిక్షణ ఇచ్చారు. 2024లో వచ్చిన కలెక్టర్ 'కామ్యాబ్ కోటా' పేరుతో ఇంకొన్ని చేర్చారు. వారానికోసారి ఏదో ఒక హాస్టల్‌కు వెళ్లి పిల్లలతో కలిసి భోజనం చేయడం వాటిలో ఒకటి. కలెక్టర్ అంతటివాడు పక్కన కూర్చుని తన చదువులో తనకు ఎదురైన దెబ్బల గురించి చెబితే ఆ మాట వేరే. 2024లో మరణాలు 17కు తగ్గాయని అక్కడి యంత్రాంగం ప్రకటించింది. ఆ ఏడాది కోటాకు వచ్చిన విద్యార్థుల సంఖ్య కూడా తగ్గింది కాబట్టి, తగ్గుదల అంతా ఈ పనుల వల్లేనని నేను చెప్పను. పదిహేడు కూడా చిన్న సంఖ్య కాదు.

హాస్టల్ గదుల్లో మార్పులు చేయమన్నప్పుడు చాలామంది ఎగతాళి చేశారు. "మనసు బాగుచేయకుండా గదులు బాగుచేస్తే ఏం లాభం" అని. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ సగమే ఉంది. చనిపోవాలన్న తీవ్రమైన ఆలోచన చాలామందిలో ఒక ఉప్పెనలా వస్తుంది, కొన్ని నిమిషాలో కొన్ని గంటలో ఉంటుంది, తీస్తుంది. ఆ కాసేపు చేతికి ప్రమాదకరమైనది ఏదీ అందకపోతే, పక్కన ఒక మనిషి ఉంటే, ఆ పిల్ల బతికి బయటపడుతుంది. అలా బయటపడ్డవారిలో ఎక్కువమంది ఆ తర్వాత మామూలు జీవితం గడుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో దేశాలకు చెప్పే నాలుగు ముఖ్యమైన పనుల్లో ప్రమాదకర వస్తువులను అందుబాటులో లేకుండా చేయడం ఒకటి. కాబట్టి ఇది ఇంటికి కూడా వర్తిస్తుంది. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల మందులు, వాడకుండా మిగిలిపోయిన మాత్రలు, తోటకో పొలానికో తెచ్చిన మందులు తాళం వేసి పెట్టండి. పిల్లలు దిగులుగా ఉన్న రోజుల్లో మాత్రమే కాదు, ఎప్పుడూ.

కోటా సంగతి మనకెందుకు?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ కేసు మొదలైంది మన విశాఖపట్నంలో. వేరే రాష్ట్రం నుంచి వచ్చి నీట్ శిక్షణ తీసుకుంటూ హాస్టల్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ తండ్రి న్యాయం కోసం కోర్టు మెట్లు ఎక్కారు. కోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో ఆగలేదు. దేశంలో స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయని చెప్పింది. ప్రత్యేక శ్రద్ధ పెట్టాల్సిన కోచింగ్ కేంద్రాలంటూ తీర్పులో కొన్ని నగరాల పేర్లు ప్రస్తావించింది. కోటా, జైపూర్, సీకర్, చెన్నై, ఢిల్లీ, ముంబైలతోపాటు హైదరాబాద్ పేరు కూడా అందులో ఉంది.

ఆ 15లో ఒక తండ్రిగా, తల్లిగా మీకు ఉపయోగపడేవి చెబుతాను. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్నవాటికి బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం చేయకూడదు. బోధన సిబ్బందికీ ఇతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఇక్కడ 'ఇతర సిబ్బంది' అన్న మాట గమనించండి. టిఫిన్ డబ్బా తెచ్చే మనిషి వీళ్లలోనే ఉంటాడు. హెల్ప్‌లైన్ నెంబర్లు హాస్టల్‌లో, తరగతుల్లో, వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. తల్లిదండ్రులకు కూడా అవగాహన కార్యక్రమాలు పెట్టాలి. కోచింగ్ సెంటర్లకు రిజిస్ట్రేషన్, విద్యార్థుల రక్షణ నియమాలు రాష్ట్రాలు రూపొందించాలి. వీటన్నిటినీ తనిఖీ చేయడానికి, ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి.

అంటే మీకు అనుమానం వచ్చినప్పుడు వెళ్లడానికి జిల్లాలో ఒక తలుపు ఉండాలని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. మీ కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనో, ఫిర్యాదుల కార్యక్రమంలోనో "మన జిల్లా కమిటీలో ఎవరెవరున్నారు, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి" అని ఒక అర్జీ పెట్టడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున పెడితే ఇంకా మంచిది. నీళ్ల ట్యాంకర్ గురించి పెడతాం కదా.

ఇదే ప్రశ్నలు మన బ్రాంచిలోనూ అడగండి. మన పత్రికలో మన గురించి రాసుకోకుండా కోటా గురించి రాయడం తేలిక. పదో తరగతి ఫలితాలు రాగానే గేటు పక్కన ఫ్లెక్సీ కట్టేది మనమే. అందులో ఫొటో ఉన్న పిల్లవాడికి అది పండగే. లేని పిల్లలు రోజూ ఉదయం దాని కిందనుంచే బడిలోకి నడుస్తారు. 2017లో తమిళనాడు ప్రభుత్వం పది, పన్నెండు తరగతుల్లో టాపర్ల పేర్లు ప్రకటించడం మానేసింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదో తరగతి ర్యాంకులతో పాఠశాలలు ప్రకటనలు ఇచ్చుకోవద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఫ్లెక్సీ చూసి మీలో కొందరు మా దగ్గర చేర్పించి ఉంటారు, అది కూడా నిజమే. తప్పు ఒక్కవైపే ఉందని నేను అనడం లేదు. "మా అబ్బాయిని ఏ సెక్షన్‌లో వేశారు, ఎందుకు వేశారు" అని మీరు అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ప్రిన్సిపాల్‌ది. "మా వాడిని టాప్ సెక్షన్‌లో ఎందుకు వేయలేదు" అనేది వేరే ప్రశ్న. రెండోదే ఎక్కువగా వినబడుతుంది.

ఫలితాల రోజు

2019 ఏప్రిల్‌ను తెలంగాణలో ఎవరూ మరచిపోలేదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. మార్కుల నమోదులో పొరపాట్లు బయటపడ్డాయి. తల్లిదండ్రులు బోర్డు ఆఫీసు ముందు కూర్చున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసి, తప్పిన 3 లక్షల మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించింది. వెయ్యిమందికి పైగా పాసైనట్టు తేలింది. అంటే ఆ పిల్లలు తప్పలేదు. కాగితం తప్పింది.

దీన్నుంచి ప్రభుత్వాలు నేర్చుకోవాల్సినది చాలా ఉంది, అది వేరే కథ. తల్లిదండ్రులుగా మనకు దీనిలో ఉన్న కబురు ఏమిటంటే, స్క్రీన్ మీద కనిపించే అంకె చివరి మాట కాదు. రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది.

సప్లిమెంటరీ గురించి ఒక మాట. ఇది కేవలం పరీక్షల ఏర్పాటు అనుకుంటాం. నిజానికి ఇది ప్రాణాలు కాపాడే ఏర్పాటు కూడా. ఒకప్పుడు తప్పిన పిల్లవాడు మళ్లీ రాసి పాసైనా తోటివాళ్లు పై తరగతికి వెళ్లిపోయేవారు. ఏడాదంతా ఇంట్లో కూర్చోవాలి. చుట్టాల పెళ్లికి వెళ్తే "ఏం చేస్తున్నావు బాబూ" అని అడుగుతారు. ఆ ఏడాదే భరించలేని బరువు. చెన్నైలో 1986లో స్నేహ అనే ఆత్మహత్యల నివారణ సంస్థను స్థాపించిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ వంటివారు ఈ సంగతిని పదేపదే చెబుతూ వచ్చారు. తమిళనాడు 2000ల మొదట్లోనే ఫలితాల తర్వాత కొద్ది వారాల్లోనే మళ్లీ పరీక్ష రాసి అదే ఏడాది పై చదువుకు వెళ్లే వీలు కల్పించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తే మేలో సప్లిమెంటరీ పెడుతున్నారు. ఏడాది బరువు నెల రోజులకు దిగింది. ఖర్చు పెద్దగా లేని ఈ చిన్న మార్పును ఏ ఉపన్యాసమూ, ఏ పోస్టరూ చేయలేదు. పరీక్షల షెడ్యూల్ వేసే ఆఫీసు చేసింది.

అయితే ఈ విషయం పిల్లలకు ఫలితాలు రాకముందే చెప్పి ఉండాలి. ఫలితాల రోజు ఉదయం చెబితే "నేను తప్పుతానని అమ్మకు ముందే తెలుసు" అనిపిస్తుంది. ఫిబ్రవరిలో మామూలుగా కబుర్లలో, "తప్పితే మేలో రాస్తావు, అంతేగా" అనండి. ఆ 'అంతేగా' మీ గొంతులో నిజంగా ఉండాలి. పిల్లలు మాటకంటే గొంతు వింటారు.

ఫలితాల రోజున పిల్లలు ఇంట్లో ఒక్కరే ఉండకుండా చూసుకోండి. సెలవు పెట్టలేకపోతే తాతయ్యనో, మేనమామనో, పక్క ఫ్లాట్ ఆంటీనో రమ్మనండి. బంధువుల ఫోన్లు మీరే తీయండి. "ఎంత వచ్చింది?" అని అడిగితే "ఇంకా చూడలేదండీ, తర్వాత చేస్తాను" అని పెట్టేయండి. ఆ రోజుకు అది అబద్ధం కాదు. మీరే ఆ బంధువైతే ఆ ఫోన్ చేయకండి. అపార్ట్‌మెంట్ గ్రూపులో మీ అమ్మాయి 980 పోస్టు చేయడానికి వారం ఆగితే 980 తగ్గిపోదు.

ఒక లెక్క కూడా చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో విద్యార్థులు 13,044 మంది. పరీక్షల్లో తప్పడం కారణంగా నమోదైనవి 2,248. అంటే మార్కులు పెద్ద కారణమే అయినా, విద్యార్థుల మరణాల్లో ఎక్కువ భాగం వెనుక వేరే సంగతులున్నాయి. ఇంట్లో గొడవలు, అనారోగ్యం, డిప్రెషన్, ర్యాగింగ్, వేధింపులు, ఆన్‌లైన్ అప్పులు, ఫొటోలతో బెదిరింపులు, ప్రేమ విఫలం కావడం. ఏ ఒక్క మరణానికీ ఒకే కారణం ఉండదు. కాబట్టి "మా వాడు ఫస్ట్ ర్యాంకు, వాడికేం బాధ" అన్న ధీమా కూడా వద్దు.

ఎలా అడగాలి?

మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. పిల్ల విసుగ్గా "చచ్చిపోతే బాగుండు" అంటే, "ఛీ, అలాంటి మాటలు అనకు, తథాస్తు దేవతలుంటారు" అని నోరు మూయిస్తాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ పిల్ల ఎంతో కూడదీసుకుని ఒక కిటికీ తెరిచింది. మనం టప్పున మూసేశాం. మళ్లీ తెరవదు.

ఒక తల్లిదండ్రుల సమావేశంలో నేను "సూటిగా అడగండి" అని చెబితే ఒక నాన్నగారు లేచి, "మేడమ్, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవుతుందేమో" అన్నారు. చాలామందికి ఉన్న భయమే అది. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ మాట స్పష్టంగా చెబుతోంది. లోపల ఉన్నవారికి అడిగితే ఊపిరి ఆడినట్టు ఉంటుంది. లేనివారు "ఏంటమ్మా నువ్వు!" అని నవ్వేస్తారు. రెండిట్లో ఏదైనా మనకు మంచిదే.

అడిగేటప్పుడు ఎదురుగా కూర్చుని నిలదీయకండి. బండి మీద వెళ్తున్నప్పుడో, వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్నప్పుడో అడగండి. "ఈ మధ్య సరిగా తినట్లేదు, రాత్రుళ్లు నిద్రపోవట్లేదు. నాకు కంగారుగా ఉంది. బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా?" ఇలా అడిగితే చాలు. తర్వాత మీరు మాట్లాడకండి. ఇదే అన్నిటికంటే కష్టం. మన కాలంలో కిరోసిన్ దీపం కింద చదువుకున్న సంగతి, ఫీజు కోసం అమ్మిన గొలుసు సంగతి ఆ పూటకు దాచుకోండి. ఫీజు మాట ముఖ్యంగా. "మీకు భారంగా ఉన్నాను" అన్న ఆలోచన ఈ పిల్లల్లో తరచుగా ఉంటుంది. మనం చెప్పే త్యాగం కథ దానికే సాక్ష్యంగా మారుతుంది.

"అవును" అన్న జవాబు వస్తే ఏడవకండి, అరవకండి, ఒట్టు వేయించుకోకండి. "చెప్పి మంచి పని చేశావు. నేను ఇక్కడే ఉంటాను. ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అనండి. ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలకండి. "ఎవరికీ చెప్పనని మాట ఇవ్వు" అని అడిగితే ఆ మాట మాత్రం ఇవ్వకండి.

గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇష్టమైన ఆట, స్నేహితులను వదిలేయడం, నిద్ర, తిండిలో పెద్ద మార్పు, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు, తనకెంతో ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, చాలా రోజుల దిగులు తర్వాత కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోవడం. వీటిలో ఒకటి కనబడితే ప్రమాదమేనని కాదు. అడగడానికి అది చాలు.

హాస్టల్‌లో పిల్లలున్నవారికి ఇది ఇంకా కష్టం. ఆదివారం వార్డెన్ ఫోన్‌లో మాట్లాడతారు. వెనక క్యూలో పదిమంది ఉంటారు, వార్డెన్ పక్కనే ఉంటారు. అక్కడ "బాగున్నావా" అంటే "బాగున్నా" అనడం తప్ప పిల్లవాడు ఏం చెప్పగలడు? ఔటింగ్ రోజున వెళ్లి గేటు బయట ఒక గంట కూర్చోండి. మార్కుల జాబితా బ్యాగులోనే ఉంచండి. మెస్‌లో కూర ఎలా ఉంది, పక్క మంచం అబ్బాయి ఎవరు, రాత్రి గురక ఎవరిది, ఇవి అడగండి. మొదటి అరగంట ఇలాంటివే. అసలు మాట చివరి పది నిమిషాల్లో వస్తుంది, అదీ మీరు గడియారం చూడకపోతేనే. "ఇంటికి వచ్చేస్తాను" అని పిల్లవాడు రెండోసారి అంటే కట్టిన ఫీజు గురించి ఆలోచించకండి. మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు తిరిగి ఇవ్వాలని కోచింగ్ సెంటర్లకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. పదహారేళ్లలోపు వారిని చేర్చుకోవద్దని కూడా వాటిలోనే ఉంది.

ఎక్కడికి వెళ్లాలి, కేసు అవుతుందా?

టెలీ మానస్ నెంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఇది. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. పిల్లలే చేయాలని లేదు. "మా అమ్మాయి ఇలా ఉంది, నేనేం చేయాలి" అని మీరు చేయవచ్చు. నిజానికి ముందు మీరే ఒకసారి చేసి చూడండి. రేపు పిల్లలకు ఇచ్చేటప్పుడు "నేను మాట్లాడాను, బాగానే మాట్లాడతారు" అని చెప్పగలుగుతారు. ఇంట్లోనో బయటో హింస, వేధింపులు ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ప్రాణాపాయం కళ్లెదుట ఉంటే 112 లేదా 108. సికింద్రాబాద్ కేంద్రంగా రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ 1990ల చివరి నుంచి ఇలాంటి ఫోన్లకు జవాబు చెబుతోంది. అక్కడ మాట్లాడేది శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు, అంటే మీలాంటివారే.

ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం దొరుకుతుందని మనలో చాలామందికి తెలియదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ అందులో చోటు దక్కింది. ఇప్పుడది దేశంలోని ఎక్కువ జిల్లాలకు విస్తరించింది. ఓపీ చీటీ రాయించుకుని వెళ్లవచ్చు. "పిచ్చాసుపత్రి" అన్న మాట ఇంట్లో వాడకండి. మనం వాడిన ఆ మాటే రేపు మన పిల్లలు డాక్టర్ దగ్గరికి రాకుండా అడ్డుపడుతుంది. 2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఈ మరణాలను 2020తో పోలిస్తే 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. బడుల్లో మానసిక ఆరోగ్యం పాఠ్యాంశంగా రావాలన్నది కూడా అందులోని మాటే. పది శాతం చిన్నదిగానే కనిపిస్తుంది. దేశం మొత్తం మీద లెక్కవేస్తే అది ఏడాదికి వేల ఇళ్లు.

ఇక చాలామంది తల్లిదండ్రులు చెవిలో అడిగే ప్రశ్న: "ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందా? పిల్ల భవిష్యత్తు ఏం కాను?" ఈ భయంతో ఇంట్లోనే దాచిపెట్టి, వైద్యం ఆలస్యం చేసిన కుటుంబాలు ఉన్నాయి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెప్పేదేమిటంటే, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. ఆ వ్యక్తికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికో, అడ్డుకోవడానికో చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. కాబట్టి నిర్భయంగా, వెంటనే తీసుకువెళ్లండి.

ఇంకొక విన్నపం. ఎక్కడైనా ఇలాంటి విషాదం జరిగినప్పుడు ఆ పిల్లవాడి ఫొటో, రాసిన ఉత్తరం, వీడియో మన గ్రూపుల్లోకి క్షణాల్లో వస్తాయి. "ఎంత ఘోరం" అని ముందుకు పంపుతాం. అవి ఇప్పటికే కుంగిపోయి ఉన్న ఇంకొక పిల్లవాడి ఫోన్‌లోకి కూడా వెళ్తాయి. 2019లో ప్రెస్ కౌన్సిల్ పత్రికలకే ఈ విషయంలో నియమాలు పెట్టింది. ఎలా జరిగిందో వర్ణించవద్దని. వాట్సాప్‌కు సంపాదకుడు లేడు. మన వేలే సంపాదకుడు. అటువంటిది వస్తే తొలగించి, ఆ చోట 14416 అని పెట్టండి. ఆ కుటుంబం దగ్గరికి వెళ్లండి, కూర్చోండి. "ఎందుకు చేశాడంట?" అని మాత్రం అడగకండి. ఆ తల్లి రాత్రంతా తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే. ఆ ఇంట్లో మిగిలిన చెల్లి రేపు బడికి వస్తుంది. ఆ అమ్మాయితో మన పిల్లలు మామూలుగా టిఫిన్ పంచుకోవాలి. ఆ మాట వాళ్లకు ఇంట్లో చెప్పి పంపండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి మీ పిల్లల స్కూల్ డైరీ వెంట తెండి. కౌన్సెలింగ్ గదిలో మార్కర్లు పెడతాం. చివరి అట్ట లోపలి వైపు 14416, 1098 అని మీ చేతిరాతతోనే రాయండి. కింద మీ నెంబరు కూడా రాసి, పక్కన "ఎప్పుడైనా" అని రాయండి. బస్సు డ్రైవర్లకు, ఆయాలకు, వార్డెన్లకు గేట్‌కీపర్ శిక్షణ ఎప్పుడు ఇచ్చారో, మళ్లీ ఎప్పుడు ఇస్తారో ఆ రోజే ప్రిన్సిపాల్‌ను అడిగి తేదీ రాసుకోండి.